ముందు అనుమతి, తరువాతే నికాహ్

పోయిన రంజాన్ మాసానికి కొద్ది రోజుల ముందు, అస్ర్ నమాజు ముగిసిన వేళ, హైదరాబాద్ పాతబస్తీ నుంచి ఒక తల్లి మా వద్దకు వచ్చారు. వెంట ఇరవై రెండేళ్ల కూతురు, ఆ కూతురి ఒడిలో ఏడు నెలల మగబిడ్డ. తల్లి చేతి సంచి నిండా కాగితాలు. ప్రభుత్వ కార్యాలయంలో దశాబ్దాల పాటు దస్త్రాలు చూసిన అలవాటు కొద్దీ వాటిని తేదీల వరుసలో పేర్చాము. పేర్చగానే పొరపాటు కంటబడింది. ఉండవలసినవి దాదాపు అన్నీ ఉన్నాయి. అన్నిటికంటే ముందు ఉండవలసిన ఒక్క కాగితమే లేదు.

వరుడు పరాయివాడు కాదు. అమ్మాయి తండ్రికి మేనత్త మనవడు. ఆ కుటుంబం రెండు తరాల కిందటే గల్ఫ్‌లో స్థిరపడి అక్కడి పౌరసత్వం పొందింది. అబ్బాయికి మంచి ఉద్యోగం, మంచి నడవడి ఉన్నాయి. అమ్మాయి తండ్రి మరణించినందున అన్న వలీగా తోడు వెళ్లాడు. ఇద్దరూ సందర్శక వీసాపై ఆ దేశం చేరారు. అక్కడ వివాహాలు జరిపి నమోదు చేసే మాజూన్ వద్దకు వెళ్లగా, విదేశీయురాలిని వివాహమాడటానికి ప్రభుత్వ అనుమతి పత్రం ఏదని ఆయన అడిగాడు. అది లేదు. ‘అనుమతి ఎలాగూ వస్తుంది, శుభకార్యం ఆపకూడదు’ అని పెద్దలు నిర్ణయించారు. ఇంట్లోనే సాక్షుల ఎదుట ఖుత్బా, ఈజాబ్-ఖబూల్, మహర్ అన్నీ సక్రమంగా జరిగాయి. ధర్మం ప్రకారం పెళ్లి అయింది. ఆ దేశ రికార్డులో కాలేదు.

వీసా గడువు ముగిసి అమ్మాయి తిరిగి వచ్చింది. బిడ్డ ఇక్కడే పుట్టాడు. భర్త నెలనెలా డబ్బు పంపుతున్నాడు, రోజూ ఫోనులో కొడుకును చూసుకుంటున్నాడు. అయినా భార్యగా ఆమెకు అక్కడి నివాస అనుమతి రావడం లేదు. ఆ బిడ్డ పేరు తండ్రి కుటుంబ రికార్డులోకి ఎక్కడం లేదు. “భాయ్‌సాబ్, మేము దొంగ పెళ్లి చేయలేదు కదా, మా తప్పేమిటి?” అని ఆ తల్లి అడిగారు. ఈ నెల సంపాదకీయం ఆ ప్రశ్నకు మా సమాధానం.

హైదరాబాద్‌కూ అరబ్ దేశాలకూ బంధుత్వం నిన్న మొన్నటిది కాదు. నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బుల సంతతి నేటికీ బార్కస్‌లో నివసిస్తోంది. సైనికుల బ్యారక్‌ల వల్లనే ఆ పేటకు ఆ పేరు వచ్చింది. చమురు సంపద పెరిగిన తరువాత వారిలో కొందరు గల్ఫ్ దేశాలకు తరలిపోయారు. ఇక కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి పనికోసం వెళ్లినవారి సంగతి అందరికీ తెలిసిందే. ఇన్ని రాకపోకలున్నచోట పెళ్లి సంబంధాలు కలవడం సహజం. యుక్తవయస్కులైన ఇద్దరు ఇష్టపడి, పెద్దల దీవెనతో దేశాల ఎల్లలు దాటి కాపురం కట్టుకోవడం వారి హక్కు. ఆ హక్కును తప్పుపట్టే అధికారం ఎవరికీ లేదు.

దీనికి చీకటి పార్శ్వం ఉన్నదన్న సత్యాన్ని మేము దాచబోము. 1991లో అరవై ఏళ్ల విదేశీయుడు పెళ్లి పేరుతో హైదరాబాద్ పసిబాలికను తీసుకుపోతుండగా విమాన సిబ్బంది గుర్తించి కాపాడిన ఉదంతం దేశమంతటినీ కలచివేసింది. 2017 సెప్టెంబరులో హైదరాబాద్ పోలీసులు గల్ఫ్ పౌరులనూ, దళారులనూ, చివరకు ఖాజీలనూ అరెస్టు చేశారు. పేదరికాన్ని సరుకుగా మార్చిన ఆ వ్యాపారాన్ని మన సమాజమే ముందుగా ఖండించాలి. అయితే ఆ నేరానికీ, బంధువుల మధ్య సక్రమంగా కుదిరే సంబంధానికీ తేడా చూడకుండా, అరబ్బు వరుడు అనగానే అనుమానించే ధోరణి ప్రబలింది. ఈ రెంటినీ వేరు చేసి చూపగలిగేది మాటలు కావు, పత్రాలు. దళారి ఎప్పుడూ కాగితానికి దూరంగా జరుగుతాడు. నిజాయితీ గల వరుడికి కాగితమంటే భయం ఉండనక్కరలేదు.

‘నికాహ్‌కు అల్లాహ్ సాక్ష్యం చాలదా, సర్కారు ముద్ర దేనికి?’ అనే పెద్దలు మనలో ఉన్నారు. వారి భక్తిని మేము గౌరవిస్తాము. వారు ఒక్క విషయం ఆలోచించాలి. దివ్యఖుర్‌ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ అల్ బఖరహ్ సూరాలోని 282వది. అది అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోవడం గురించి, సాక్షులను పెట్టుకోవడం గురించి మాట్లాడుతుంది. గడువు గల అప్పుకే ఇంత జాగ్రత్త చెప్పిన ధర్మం, ఆడబిడ్డ నిండు జీవితాన్ని రాతలేని మాటకు వదిలేయమంటుందా? ఇస్లాంలో వివాహం ఒక ఒప్పందం. ఒప్పందానికి హక్కులుంటాయి. రాతలేని హక్కును పరాయి దేశపు న్యాయస్థానంలో నిరూపించడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుసు.

అసలు విషయానికి వద్దాము. గల్ఫ్ దేశాల్లో పలుచోట్ల పౌరులు విదేశీయులను వివాహమాడాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి పొందాలి. సౌదీ అరేబియాలో ఈ నియమం పురుషులకూ స్త్రీలకూ వర్తిస్తుంది. అనుమతి ఇచ్చేది అంతర్గత వ్యవహారాల శాఖ. ఖతర్‌లో 1989 నాటి 21వ నంబరు చట్టం విదేశీయులతో వివాహాన్ని అనుమతికి లోబరచింది. ఒమన్‌లో 1993 నుంచి అలాంటి నియమమే ఉండేది. 2023 ఏప్రిల్‌లో వెలువడిన రాజ శాసనం ఆ ముందస్తు అనుమతిని తొలగించింది. అంటే దేశానికొక పద్ధతి. అదీ కాలంతో పాటు మారుతుంది. పదేళ్ల కిందట పక్కింటి అమ్మాయికి జరిగినట్లే మన అమ్మాయికీ జరుగుతుందని అనుకోవడం పొరపాటు. సంబంధం ఖాయం చేసుకునే ముందు ఆ దేశంలో ఆ రోజు అమలులో ఉన్న నియమం ఏమిటో వరుడి చేతనే లిఖితపూర్వకంగా తెప్పించుకోవాలి.

ఈ అనుమతిని వరుడే, తన దేశంలో, నికాహ్‌కు ముందే పొందాలి. ‘ముందు నికాహ్ చదివేద్దాం, అనుమతి తరువాత తెచ్చుకుందాం’ అన్న మాట దగ్గరే మా వద్దకు వచ్చిన తల్లి నష్టపోయారు. కార్యాలయ పద్ధతిలో చెప్పాలంటే ముందు ఉత్తర్వు, తరువాత అమలు. అమలు ముందు జరిగిపోతే తరువాత వచ్చే అధికారి దాన్ని తిరగరాయడానికి ఇష్టపడడు. అనుమతి చేతికి వచ్చాక, వీలైనంతవరకు ఆ దేశంలోనే, అక్కడి మాజూన్ లేదా న్యాయస్థానం ద్వారా నికాహ్ జరిపించడం మేలు. అప్పుడు ఆ వివాహం నేరుగా అక్కడి రికార్డుకు ఎక్కుతుంది. ఇక్కడే జరిపితే మన ఖాజీ రాసే సియాహా, దాని ఆధారంగా వక్ఫ్ బోర్డు ఇచ్చే వివాహ ధ్రువపత్రం, వాటిపై వరుసగా పడవలసిన ముద్రలు, ఆ తరువాత అక్కడి నమోదు అంటూ దారి మరింత పొడవవుతుంది.

వివాహానికి ముందు వైద్య పరీక్షల పత్రమూ గల్ఫ్ దేశాల్లో అవసరమవుతుంది. సికిల్ సెల్, తలసీమియా వంటి వంశపారంపర్య రక్తవ్యాధులను ఆ పరీక్షల్లో చూస్తారు. దగ్గరి బంధువుల్లో పెళ్లిళ్లు చేసుకునే అలవాటు అక్కడా ఇక్కడా ఉన్నది కనుక దీనిని అవమానంగా కాక పుట్టబోయే బిడ్డల క్షేమంగా భావించాలి.

మన వైపు సిద్ధం చేసుకోవలసిన కాగితాలు చాలావరకు అందరికీ తెలిసినవే. పాస్‌పోర్టు, జనన ధ్రువపత్రం, అవివాహితురాలినని తెలిపే ధ్రువపత్రం లేదా ప్రమాణపత్రం. పూర్వం వివాహమై విడిపోయి ఉంటే దానికి రుజువు, వితంతువైతే మొదటి భర్త మరణ ధ్రువపత్రం. తలాఖ్, ఖులా విషయంలో మాటగా జరిగినదానికీ తెల్లకాగితంపై సంతకానికీ పరాయి దేశంలో విలువ దక్కడం కష్టం. కుటుంబ న్యాయస్థానం డిక్రీ చేతిలో ఉండటం శ్రేయస్కరం.

కాగితాలు దొరకకపోవడం వల్ల కంటే, ఉన్న కాగితాల్లో పేర్లు కలవకపోవడం వల్ల ఆగిపోయిన దస్త్రాలనే మేము ఎక్కువగా చూశాము. పదో తరగతి మెమోలో షేక్ ఆయేషా, ఆధార్‌లో ఆయేషా బేగం, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. ముగ్గురూ ఒక్కరేనని మనకు తెలుసు, అరబిక్‌లోకి అనువదించిన కాగితం చూసే గుమాస్తాకు తెలియదు. తండ్రి పేరు ఒకచోట మహమ్మద్, మరోచోట ఎండీ. అరబ్ దేశాల దరఖాస్తుల్లో తరచు తాత పేరు కూడా అడుగుతారు. మన ఇళ్లలో తాత పేరు అధికారిక కాగితంలో దొరకడమే అరుదు. కనుక సంబంధం మాట మొదలైన రోజే పేర్లు, పుట్టిన తేదీలు సరిచూసి, తేడాలుంటే పాస్‌పోర్టుకు అనుగుణంగా సవరించుకోవాలి. ఈ పనికి నెలలు పడుతుంది. దీన్ని పెళ్లి తేదీ నిశ్చయించిన తరువాత కాక, ముందే పూర్తి చేయాలి.

తరువాత ముద్రల వరుస. వ్యక్తిగత పత్రాలను మొదట రాష్ట్ర స్థాయిలో అధీకృత అధికారి ధ్రువీకరించాలి, ఆ తరువాతే కేంద్ర విదేశాంగ శాఖ. పత్రం వెళ్లవలసిన దేశం హేగ్ ఒప్పందంలో ఉంటే అపోస్టిల్ ముద్రతో పని ముగుస్తుంది. భారతదేశంలో ఈ పద్ధతి 2005 నుంచి ఉన్నది. ఒమన్, బహ్రెయిన్ ఇందులో ఉన్నాయి. సౌదీ అరేబియాకు 2022 డిసెంబరు నుంచి వర్తిస్తోంది. కువైట్, ఖతర్, ఐక్య అరబ్ ఎమిరేట్స్‌కు మాత్రం విదేశాంగ శాఖ ధ్రువీకరణ తరువాత ఆ దేశ రాయబార కార్యాలయ ముద్ర కూడా కావాలి. విదేశాంగ శాఖ అపోస్టిల్ రుసుము పత్రానికి 50 రూపాయలు. పత్రాలు స్వీకరించే సంస్థల సేవా రుసుము అదనం. దీనికి వేలకు వేలు గుంజే దళారుల వద్ద మోసపోకుండా ఉండాలంటే ఈ వరుస తెలిసి ఉంటే చాలు.

వీసా విషయంలో మూడు మాటలు. మొదటిది, సందర్శక వీసా గాని ఉమ్రా వీసా గాని కాపురానికి పనికిరాదు. అవి రాకపోకలకు ఇచ్చిన గడువులు. భార్యగా ఉండటానికి నమోదైన వివాహం ఆధారంగా వచ్చే ఇఖామా కావాలి. రెండవది, పెళ్లికూతురిని ఇంటిపని వీసాపై పంపమని ఎవరైనా అంటే ఆ సంబంధాన్ని అక్కడితో ఆపివేయండి. ఆ వీసాపై దిగిన క్షణం నుంచి చట్టం దృష్టిలో ఆమె ఆ ఇంటి కోడలు కాదు, ఖద్దామా. వరుడు ఆమెకు భర్త కాదు, కఫీల్. ఏ తగవు వచ్చినా భార్యగా ఆమె మాట వినే అధికారి ఉండడు. మూడవది, పాస్‌పోర్టు, వివాహ పత్రం, భర్త గుర్తింపు పత్రం నకళ్లు పుట్టింట్లో ఒక జత, ఆమె వద్ద ఒక జత ఎప్పుడూ ఉండాలి.

వివాహ ఒప్పందంలోనే షరతులు రాయించుకునే వీలు మన ధర్మశాస్త్రంలో ఉన్నది. సౌదీలో ప్రాబల్యం గల హన్బలీ మజ్‌హబ్ ఈ విషయంలో స్త్రీకి విశాలమైన అవకాశం ఇచ్చింది. పాస్‌పోర్టు ఆమె చేతిలోనే ఉండాలని, ఏడాదికొకసారి పుట్టింటికి పంపాలని, చదువు కొనసాగనివ్వాలని రాయించుకోవచ్చు. మహర్ ఎంత, అందులో తక్షణం చెల్లించేది ఎంత, తరువాతది ఎంత అన్నది అంకెలతో స్పష్టంగా ఉండాలి. విందు వంటకాల మీద వారం రోజులు చర్చించే మనము ఈ పంక్తుల మీద ఒక్క గంట కూర్చోలేమా?

పౌరసత్వం గురించి భ్రమలు వద్దు. పెళ్లి చేసుకున్నంత మాత్రాన ఆ దేశ పౌరసత్వం రాదు. వచ్చినా అది నిలుస్తుందన్న హామీ లేదు. 2024 చివర కువైట్ తన చట్టం మార్చింది. పెళ్లి ద్వారా పౌరసత్వం పొందిన విదేశీ మహిళలు వేల సంఖ్యలో దాన్ని కోల్పోయారు. భారత చట్టం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు కనుక, పరాయి పౌరసత్వం స్వీకరించిన రోజే మనది పోతుంది. తొందరపడి చేసే సంతకం అమ్మాయిని రెంటికీ చెడ్డ రేవడిగా మార్చగలదు. పిల్లల విషయంలోనూ జాగ్రత్త అవసరం. తల్లి భారతీయురాలైతే, విదేశంలో పుట్టిన బిడ్డను ఏడాదిలోగా అక్కడి భారత రాయబార కార్యాలయంలో నమోదు చేయించవచ్చు. ఆ బిడ్డకు వేరే దేశపు పాస్‌పోర్టు లేదని అప్పుడు ప్రకటించాలి. తండ్రి దేశమా, తల్లి దేశమా అన్నది భార్యాభర్తలు కలిసి, బిడ్డ పుట్టకముందే ఆలోచించుకోవలసిన విషయం.

మన అబ్బాయిల సంగతీ ఇందులో ఉన్నది. గల్ఫ్‌లో పనిచేస్తూ అక్కడ పరిచయమైన ఫిలిప్పీన్స్ యువతిని ఆమె దేశానికి వెళ్లి పెళ్లాడాలనుకునే యువకుడికి, వివాహానికి చట్టపరమైన అర్హత ఉన్నదని తెలిపే పత్రం మన రాయబార కార్యాలయం నుంచి కావాలి. ఆ దేశంలో ముస్లింల వివాహాలకు 1977 నుంచి ప్రత్యేక స్మృతి ఉన్నది. అబ్బాయికి ఇక్కడ భార్య ఉన్న సంగతి దాచి అక్కడ అవివాహితుడనని ప్రమాణం చేస్తే అది ఇద్దరు స్త్రీలకు చేసిన ద్రోహం. మన ఆడబిడ్డ విషయంలో మనము కోరే నిజాయితీని పరాయి ఆడబిడ్డ పట్ల చూపకపోతే మన మాటకు విలువేమి?

ఆ ఫిలిప్పీన్స్ నుంచే మన ప్రభుత్వాలు నేర్చుకోవలసింది ఒకటున్నది. విదేశీయుడిని పెళ్లాడి దేశం విడిచి వెళ్లే ప్రతి ఫిలిప్పీన్స్ పౌరురాలూ ముందుగా ఒక ప్రభుత్వ సలహా కార్యక్రమానికి హాజరై ధ్రువపత్రం పొందాలి. వెళ్లబోయే దేశపు చట్టం, ఆమె హక్కులు, ఆపదలో ఎవరిని ఆశ్రయించాలి అన్నవి అక్కడ చెబుతారు. డబ్బుకు పెళ్లికూతుళ్లను కుదిర్చే వ్యాపారాన్ని ఆ దేశం 1990లోనే చట్టం చేసి నిషేధించింది. మన దేశంలో ప్రవాస భారతీయుల వివాహాలపై లా కమిషన్ 2024 ఫిబ్రవరిలో 287వ నివేదిక సమర్పించింది. అది ప్రవాస భారతీయులు, విదేశీ భారత పౌరసత్వ కార్డుదారుల వివాహాల గురించి. అచ్చమైన విదేశీ పౌరుడిని పెళ్లాడే పాతబస్తీ అమ్మాయి ఆ శీర్షికలో కనబడదు.

అందువల్ల మేము కోరేది ఇది. నాంపల్లి హజ్ హౌస్‌లో వక్ఫ్ బోర్డు ఆధ్వర్యాన ఒక సలహా కేంద్రం నెలకొల్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోనూ అలాంటిదే ఉండాలి. ప్రతి దేశపు వివాహ నియమాలు, కావలసిన పత్రాల వరుస తెలుగులోనూ ఉర్దూలోనూ అక్కడ లభించాలి. నియమం మారినప్పుడల్లా ఆ కాగితమూ మారాలి. వరుడు చూపిన అనుమతి పత్రం నిజమైనదో కాదో భారత రాయబార కార్యాలయం ద్వారా సరిచూసే ఏర్పాటు విదేశాంగ శాఖ చేయాలి. అయితే ఈ కేంద్రం ఠాణాలా ఉండకూడదు. దారి అడగడానికి వచ్చిన తల్లిని అనుమానించి ప్రశ్నించే చోటికి ఎవరూ రారు. రానివారంతా దళారి గుమ్మం తొక్కుతారు.

ఖాజీ సాహెబులకు మా విన్నపం ఒక్కటే. వరుడు విదేశీ పౌరుడైతే, అతని దేశపు అనుమతి అవసరమా కాదా అని తేల్చుకోనిదే, అవసరమైతే ఆ పత్రం కళ్లారా చూడనిదే నికాహ్ చదవకండి. వధువు వయసు పద్దెనిమిది నిండిందనడానికి అసలు పత్రం చూడండి. మసీదు కమిటీలు తమ పేటలో చదువుకున్న ఒకరిద్దరు యువతీ యువకులకు ఈ పని నేర్పితే, ఎన్నో కుటుంబాలకు అది సదఖా అవుతుంది.

ఇక ఆ తల్లి ప్రశ్న. అమ్మా, మీరు పాపం చేయలేదు, దొంగ పెళ్లీ చేయలేదు. మంచి పనిని వరుస తప్పి చేశారు. ఆ దేశపు న్యాయస్థానంలో వివాహాన్ని రుజువు చేసుకోవడానికి భర్త చేతనే దరఖాస్తు పెట్టించాము. బిడ్డ జనన ధ్రువపత్రానికి ముద్రలు వేయించాము, మన రాయబార కార్యాలయానికి విన్నపం పంపాము. జవాబు రావలసి ఉన్నది. ముందే అడిగి ఉంటే ఒక్క పత్రంతో తీరిపోయే పనికి ఇప్పుడు ఒక యువతి యవ్వనం, ఒక పసివాడి తొలి ఏళ్లు కరిగిపోతున్నాయి. ఈ పుటలు చదివే ఇళ్లలో రేపు అలాంటి సంబంధం మాట వస్తే, వరుడి జీతం అడిగే ముందు ఈ ఒక్క మాట అడగండి: ‘బాబూ, మీ ప్రభుత్వ అనుమతి ఏది?’

మన బిడ్డల కాపురాలను అల్లాహ్ చల్లగా చూడుగాక! పనిని పద్ధతిగా చేసే వివేకాన్ని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.